పూత మీద కొన్న కూతగాడు

సాయంత్రం అయిదు దాటింది. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు మీదుగా ఛత్తీస్‌గఢ్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారిని వదిలేసి, జి. కొండూరు ఊళ్ళోంచి తోటల దారి పట్టండి. లారీల హారన్లు కాసేపు వెంటపడతాయి. తర్వాత ఎక్కడో బోరు మోటారు చప్పుడొక్కటే మిగులుతుంది. రెండు పక్కలా మామిడే. సంక్రాంతికి ఇంకా వారం ఉంది. కొన్ని చెట్లు నిండా పూతెత్తాయి, కొన్ని ఇంకా మొగ్గ మీదే ఉన్నాయి. కొండపల్లి కొండల వైపు పొద్దు వాలుతోంది. తోట దాటగానే ఖాళీ బీట్లో జనం గుంపుగా కనబడతారు. అక్కడికే మనం వెళ్ళాల్సింది.

ఊరి కబడ్డీ జట్టు కొత్త రైడర్ని తెచ్చుకుంది. ఇవాళ ఊరి పట్టేవాళ్ళనే అవతల నిలబెట్టి వాడి సరుకెంతో చూస్తారు.

జట్టులో పట్టేవాళ్ళకు కొదవ లేదు. వెలగలేరు నుంచి వచ్చే ఎడమ కార్నర్ కుర్రాడు చీలమండ దొరకబుచ్చుకున్నాడంటే ఇక వదలడు. కవర్లిద్దరూ అన్నదమ్ములు, ఒకడి కదలిక ఒకడికి చూడకుండానే తెలుస్తుంది. ఎటొచ్చీ కూతకెళ్ళి పాయింటు తెచ్చేవాడే లేడు. పోయినేడు పండగ పోటీల్లో అందుకే మునిగారు. ఈసారి పెద్దలు చందాలేసుకుని నందిగామ వైపు నుంచి ఈ పంతొమ్మిదేళ్ళవాణ్ణి మాట్లాడుకొచ్చారు. పండగ మూడు రోజులూ భోజనం, బస, చేతికింత. ఆ ఇంత ఎంతో అడక్కండి, చందా ఇచ్చిన ప్రతివాడూ ఒక్కో లెక్క చెబుతాడు.

గట్టు మీద జాగా చూసుకుని కూర్చోండి. మీకు కుడిపక్క పంచె ఎగ్గట్టుకుని కూర్చున్నాయన మామిడి వ్యాపారి. ఊరందరికీ బాబాయే. ఆయన పక్కన రిటైరైన పీఈటీ మాస్టారు. ఉద్యోగం పోయినా మెడలో విజిల్ పోలేదు. వెనకాల నిలబడి సెల్‌ఫోన్లో వీడియో తీస్తున్నవాడు బాబాయ్ మేనల్లుడు, డాలస్ నుంచి సెలవు మీద వచ్చాడు.

కోర్టు మట్టిదే. పొద్దున నీళ్ళు కొట్టి, రోలరు తిప్పి, పైన సన్నటి ఇసుక జల్లారు. పదమూడు మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు టేపు పెట్టి కొలిచి, ముగ్గుపిండితో గీతలు వేశారు. మధ్య గీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైను, ఆపైన ఇంకో మీటరుకి బోనస్ లైను. వెదురు బొంగులకు కట్టిన లైట్లు ఇంకా వెలిగించలేదు.

"మనిషి ఏపుగా ఉన్నాడు మాస్టారూ" అంటాడు బాబాయ్.

"ఏపు సంగతి సరే, ఆడనివ్వండి."

ఏపుగా ఉన్న మాట నిజం. ఆరడుగులకు అంగుళం తక్కువ, పొడుగు చేతులు, తొడలు గట్టివి. మధ్య గీతను ముట్టి కళ్ళకద్దుకుని కూత మొదలెట్టాడు. గొంతు ఖంగుమంటోంది. తిన్నగా తన కుడిచేతి వైపుకే వెళ్ళాడు. అక్కడి కార్నర్ ఓ అడుగు ముందుకు పడేసరికి, ఒళ్ళు వెనక్కి తిరుగుతుండగానే చెయ్యి సాచి భుజం మీద తట్టి ఒక్క ఊపున గీత దాటేశాడు. ఈలలు. ఎవరో చిన్నపిల్లాడు గట్టు మీంచి కిందికి దొర్లాడు. మేనల్లుడు వీడియో ఆపి, అప్పుడే దాన్ని ఎవరికో పంపిస్తున్నాడు.

మాస్టారి మొహంలో ఏ మార్పూ లేదు.

రెండో కూత. ఔటైన కార్నర్ మళ్ళీ లోపలికొచ్చి అవతల ఏడుగురూ ఉన్నారు కాబట్టి బోనస్ ఉంది; ఆరుగురి కంటే తగ్గితే ఉండదు. కుర్రాడు మళ్ళీ కుడివైపే జరిగి, గబుక్కున కాలు సాచి బోనస్ గీత దాటించి, చెయ్యెత్తి చూపించుకుంటూ వెనక్కొచ్చాడు. అంపైరు పాయింటిచ్చాడు. అప్పుడు లేచారు మాస్టారు. ఆట ఆపించి, గీత దగ్గరికి నడిచి, మిమ్మల్నీ రమ్మని సైగ చేశారు.

వెళ్ళి చూడండి. బోనస్ గీతకు అవతల కుడి మడమ ముద్ర, ఇసుకలో స్పష్టంగా, అంగుళం లోతున దిగింది. దానికి వెనక, గీతకు ఇవతల, ఎడమ బొటనవేలు గీరిన చార నాలుగు వేళ్ళ పొడవున ఉంది. చార చివర ఇసుక చిన్న కుప్పగా పోగైంది.

"ముందు కాలు గీత అవతల ఆనినప్పుడు వెనక కాలు గాల్లో ఉండాలి. వీడిది నేల వదల్లేదు. ఇది బోనస్ కాదు" అన్నారు మాస్టారు. "మ్యాటు మీద ఈ గీర కనబడదు. టీవీ ఆటలో అయితే అవతలి జట్టు రివ్యూ అడిగి లాగేసుకుంటుంది. ఒరే, నీకు ఎన్నాళ్ళ నుంచి ఉందిరా ఈ అలవాటు?"

"ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు సార్."

ఎలా చెబుతారు? పాయింటు వస్తున్నంతకాలం కాళ్ళ వంక చూసేదెవరు?

తర్వాతి రెండు కూతలూ ఖాళీ. అవతలివాళ్ళు వాడి దారి కనిపెట్టేశారు. కుడివైపు కార్నర్ ముందుకు రావడం మానేసి వెనక్కి తగ్గాడు. ఎడమవైపు ఖాళీగా పడుంది, కుర్రాడు అటు కన్నెత్తి చూడడు. మూడో కూతకు పాయింటు తేవాలి, లేదా బయటికి పోవాలి. డూ ఆర్ డై. ముప్ఫై సెకన్ల టైముంది. పది సెకన్లలోనే దూకేశాడు. వెలగలేరు కుర్రాడు చీలమండ అందుకున్నాడు, కవరు వచ్చి తొడకు చుట్టుకున్నాడు, మిగతా వాళ్ళు మీద పడ్డారు. దుమ్ములోంచి కూత ఆగిపోవడం వినబడింది. గట్టు మీద ఇందాక ఈలేసిన నోళ్ళే "ఇంతేనా" అన్నాయి.

బాబాయ్ నిట్టూర్చాడు. మేనల్లుడు అందుకున్నాడు.

"అమెరికాలోనూ ఇదే గోల మావయ్యా. వాళ్ళ ఫుట్‌బాల్లో వైడ్ రిసీవర్ అని ఉంటాడు. మైదానం అంచున నిలబడి, పరిగెత్తుకెళ్ళి, దూరం నుంచి విసిరిన బంతిని పట్టుకోవడం వాడి పని. ఏటా కాలేజీ కుర్రాళ్ళను జట్లు వంతుల వారీగా ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. ముందు నలభై గజాలు పరిగెత్తించి టైము చూస్తారు. 2017లో జాన్ రాస్ అనేవాడు 4.22 సెకన్లలో పరిగెత్తాడు. అప్పటికి అదే రికార్డు. సిన్సినాటి వాళ్ళు తొమ్మిదో ఎంపికగా ఎగరేసుకుపోయారు. మొదటి సీజనంతా వాడు ఒక్క బంతి పట్టలేదు."

"ఒక్కటీనా?"

"ఒక్కటీ. అదే జెర్రీ రైస్ అని 1985లో మిసిసిపీలో ఓ చిన్న కాలేజీ నుంచి వచ్చాడు. పదహారో ఎంపిక. పరుగులో వాడికంటే ముందున్నవాళ్ళు బోలెడుమంది. రిటైరయ్యేనాటికి బంతి పట్టుకుని 22,895 గజాలు సంపాదించాడు. ఇప్పటికీ ఎవరూ దాని దరిదాపులకు రాలేదు."

బాబాయ్ తల పంకించాడు. "అయితే అక్కడా పూత మీద కొనుగోళ్ళే అన్నమాట."

ఈ మాటకు ఇక్కడ వివరం అక్కర్లేదు గాని, బయటివాళ్ళ కోసం చెబుతాను. మామిడి తోటను చాలామంది వ్యాపారులు కాయ దిగాక కొనరు, పూత చూసి కొంటారు. చెట్టు తెల్లగా విరగబూసింది కదా అని పెద్ద ధర చెబుతారు. తర్వాత తేనెమంచు పురుగు పడుతుంది, బూడిద తెగులు పడుతుంది, పిందె రాలుతుంది, ఆఖర్న ఈదురుగాలి వస్తుంది. నున్న మార్కెట్టుకు ఎన్ని టన్నులు చేరాయన్నదే అసలు లెక్క. బాబాయ్‌లాంటి పాతకాపులు పూత గుత్తిని దూరం నుంచి చూసి మురిసిపోరు, దగ్గరికెళ్ళి దులిపి, కాడ పట్టుకు చూస్తారు. పీఈటీ మాస్టారు ఇందాక గీత దగ్గర వంగి చేసింది ఆ పనే.

ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ అభిమానులకు ఈ బాధ బాగా తెలుసు. 2019 వేలంలో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1.45 కోట్లకు కొన్నారు. అంతకుముందు ఏడాది యు ముంబా జట్టు ఆయన్ను 36.4 లక్షలకు తెచ్చుకుని ఒక ఊపు ఊపించింది. జనం బాహుబలి అన్నారు. ఆయన ఇక్కడికొచ్చీ రెండొందలకు పైగా పాయింట్లు తెచ్చాడు, తన పని తాను చేశాడు. జట్టు మాత్రం పన్నెండింటిలో పదకొండోది. 2023లో పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకు కొన్నారు. అప్పటికి లీగ్‌లో అంత ధర ఎవరికీ పలకలేదు. ఇరవై రెండు మ్యాచుల్లో గెలిచినవి రెండు, చోటు అట్టడుగున. తప్పు రైడర్లదని నేననను. ఒక్క చెట్టు మీద డబ్బంతా పోసి కంచె సంగతి మరిచిపోయారు. 2025లో అంత ఖరీదైన పేరు జోలికి పోకుండా భరత్ హుడాను 81 లక్షలకు తెచ్చుకున్నారు, విజయ్ మలిక్‌ను నిలబెట్టుకున్నారు. ఆ ఏడాది క్వాలిఫయర్ 2 దాకా వెళ్ళి పుణెరి పల్టన్ చేతిలో ఓడారు. టైటాన్స్‌కు అది మంచి ఏడాదే.

ఈ ఊరి జట్టుది సరిగ్గా ఎదురు కథ. కంచె గట్టిది, చెట్టే కావాలి. అందుకే ఈ కుర్రాడు మహాయోధుడై ఉండాల్సిన పని లేదు. ఆటకు అయిదారు పాయింట్లు తెచ్చి, పనికిమాలిన చోట దొరక్కుండా ఉంటే చాలు, మిగతాది పట్టేవాళ్ళు చూసుకుంటారు. గట్టు మీద కూర్చున్నవాళ్ళలో ఈ లెక్క ఎంతమందికి ఉందో చెప్పలేను. వాళ్ళకు కావాల్సింది ఒకే కూతలో ముగ్గురిని లేపుకొచ్చేవాడు.

లైట్లు వెలిగించారు. పురుగులు ముసురుకున్నాయి. ఔటైన కుర్రాడు గీత అవతల మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాణ్ణి కాసేపు గమనించండి, ఆట అటు జరుగుతున్నా సరే. మోచేతి దగ్గర తోలు లేచింది, దాన్ని చూసుకోవడం లేదు. వాడి కళ్ళు ఎడమ కార్నర్ కాళ్ళ మీదున్నాయి. అతను ఎప్పుడు బరువు ముందు కాలి మీద వేస్తున్నాడో, చెయ్యి ఎప్పుడు కిందికి దించుతున్నాడో చూసి పెదాలతో ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. మాస్టారు కూడా ఇది చూశారు. మోచేత్తో మిమ్మల్ని తట్టి, ఏమీ అనకుండా మళ్ళీ ఆట వైపు తిరిగారు.

పాయింటొచ్చి కుర్రాడు లోపలికెళ్ళాడు. ఆ తర్వాత జట్టు చకచకా కూలింది. చూస్తుండగానే ఇవతల వాడొక్కడే మిగిలాడు, అవతల అయిదుగురు. స్కోరులో రెండు పాయింట్లు ముందున్నారు. విరామానికి ముప్ఫై సెకన్లు కూడా లేవు. వీడు దొరికితే లోనా, అంటే ఆ పట్టుకు వచ్చే పాయింటు కాక పైన ఇంకో రెండు. ఆధిక్యం పోయినట్టే. గట్టు మీద అరుపులు: "కొట్టరా! లేపుకు రారా!"

వాడు కూతకెళ్ళాడు. ఈసారి ఎడమవైపుకి. బాక్ లైను దాటాడు, దాటకపోతే ఔటే. అక్కణ్ణుంచి ఒక్క అడుగు ముందుకు, రెండు వెనక్కి. కార్నర్ మీదికొచ్చేలా ఊరించి, తగ్గాడు. కవరు అన్నదమ్ములు చెయ్యీ చెయ్యీ పట్టుకుని ముందుకొస్తే, వాళ్ళ చుట్టూ సగం తిరిగి మళ్ళీ బాక్ లైను దగ్గరికే వచ్చాడు. ఎవరినీ ముట్టలేదు. ముట్టే ప్రయత్నమూ చెయ్యలేదు. జనం గోల ఎక్కువైంది, ఎవరో తిట్టారు కూడా. కూత మాత్రం ఒకే శ్రుతిలో, ఊపిరి తొట్రుపడకుండా సాగుతోంది. ఇరవయ్యేడో సెకను దగ్గర మధ్య గీత దాటి వచ్చాడు. విరామం విజిల్ మోగింది.

"అబ్బే, పస లేదురా" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

మాస్టారు మొదటిసారి నవ్వారు. నాకూ ఇవాళ చూసినవాటిలో ఇదే నచ్చిన కూత. మేనల్లుడు దీన్ని వీడియో తియ్యలేదు. ఖాళీ కూతను ఎవరు చూస్తారని సెల్ జేబులో పెట్టేశాడట.

విరామంలో కుర్రాణ్ణి పిలిచారు. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, వెనక కాలు ఎలా లేపాలో మాస్టారు స్వయంగా లేచి చూపించారు. డెబ్బై ఏళ్ళ మోకాలు సగం దాకానే లేచింది. పిల్లలు నవ్వారు, కుర్రాడు నవ్వలేదు. గీత దగ్గర పదిసార్లు వేశాడు. నాలుగుసార్లు చార పడింది, ఆరుసార్లు పడలేదు.

"చెప్పండి మాస్టారూ, ఉంచుకోమంటారా, పంపించేయమంటారా?" బాబాయ్ అసలు మాటకొచ్చాడు.

"ఉంచండి. మొదటి కూతకు మాత్రం పంపొద్దు. మన పాత కుర్రాణ్ణే పంపండి, అవతలివాళ్ళ కాళ్ళు వీడు రెండు కూతల పాటు చూసుకుంటాడు. బోనస్ మాట ఈ వారమంతా ఎత్తొద్దు, అంపైరు మంచివాడు తగిలితే పరువు పోతుంది. డూ ఆర్ డైలో తొందరపడుతున్నాడు, ఇరవై సెకన్లు దాటాక గాని దూకొద్దని నేను చెబుతా. ఆధిక్యంలో ఉన్నప్పుడు టైము తినాల్సి వస్తే కళ్ళు మూసుకుని వీణ్ణే పంపండి."

"ముగ్గురిని లేపుకొస్తాడా?"

"రాడు. ఈ ఏడు రాడు."

బాబాయ్ ఒక్క క్షణం ఆలోచించి, జేబులోంచి నోట్లు తీసి సగం లెక్కపెట్టి కుర్రాడి చేతిలో పెట్టాడు. మిగతా సగం కనుమ నాటి సాయంత్రం, ఆట ముగిశాక.