పురములు కలసి ఋణము దెచ్చుకొనిన వృత్తాంతము



ఏటికి గట్టు వేయవలెనన్నను, చెరువునకు తూము పెట్టవలెనన్నను ఒక్కని వలన కాదని మన పూర్వులు ఏనాడో గ్రహించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున, జనపదమును నెలకొల్పు విధమును దెలుపు అధ్యాయమునందు, పదుగురు కలసి కట్టు సేతువు పనినుండి తప్పుకొనువానికొక నియమము చెప్పబడినది. వాని పనివాండ్రును ఎడ్లును పనికి రావలెను. వ్యయమున వాడు పాలుపంచుకొనవలెను. ఫలమున మాత్రము వానికి భాగము లేదు. కఠినమే కాని న్యాయమే.

కలసి కట్టుట పాతది. కలసి అప్పు చేయుట అంత పాతది కాదు. చిన్న యూరికి మంచినీటి కుళాయిలు కావలెననుకొందము. పన్నుల రాబడి యేటేట కొంచెము కొంచెముగా వచ్చును. గొట్టములకు మాత్రము ధనమంతయు ఒక్కమారే వలయును. అప్పునకు పోయినచో, ఇంత చిన్న మొత్తమునకు పత్రముల ఖర్చే గిట్టదని ధనికుడు మొగము త్రిప్పుకొనును. లేదా వడ్డీ పెంచును.

ఐరోపాలోని బెల్జియము దేశము ఈ చిక్కునకొక ఉపాయము కనిపెట్టెను. ఫ్రేర్ ఓర్బాన్ అను ఆర్థికమంత్రి 1860లో, పురద్వారముల కడ సరకులపై వసూలు చేయు ఆక్ట్రాయి సుంకమును ఎత్తివేయించెను. ఆ నష్టమునకు బదులుగా రాజ్యపు పన్నులలో కొంత భాగము పురములకు పంచబడెను. ఆ యేటనే ఆయన చొరవతో క్రెడి కమ్యునాల్ అను సంస్థ వెలసెను. ఋణము కోరు ప్రతి పురమును, ఆ ఋణములో నూటికి 5 వంతులు వాటాధనముగా చెల్లించి సంస్థలో భాగస్వామి కావలెను. అప్పు పుచ్చుకొనువాడే అప్పిచ్చు కొట్టునకు యజమానియు నగుట, ఎంత చమత్కారమో చూడుడు!

మన పొరుగున తమిళనాడు 2002లో ఇట్టి పనియే చేసెను. 13 చిన్న, నడితరపు పట్టణములు ఒక నిధి నీడను చేరినవి. నిధి అన్నిటి పక్షమున సుమారు 30 కోట్ల రూపాయల బాండ్లను, 15 ఏండ్ల గడువునకు, నూటికి 9.20 వడ్డీకి విక్రయించెను. నీటి సరఫరా, మురుగునీటి పనులకైన అప్పులకు ఆ ధనము వినియోగపడెను. పట్టణపు రాబడిలో కొంత ప్రత్యేక ఖాతాలో నిలువవలెను. అది చాలనినాడు వేరుంచిన నిలువధనము ఆదుకొనును. రాష్ట్ర ప్రభుత్వము ఆ పట్టణమునకు పంచవలసిన పన్నుల భాగమును పట్టి లోటు పూడ్చును. ఇవి గాక, అసలులో సగమునకు అమెరికా ప్రభుత్వపు అభివృద్ధి సంస్థ పూచీపడెను. 2005లో కర్ణాటకమును బెంగుళూరు చుట్టునున్న 8 పట్టణములకై 100 కోట్ల రూపాయలను ఇట్లే సమకూర్చెను. 2006లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి ఉమ్మడి నిధులకు తోడ్పడు పథకమును తెచ్చెను.

ఇవి పట్టణముల కథలే, పంచాయతీలవి కావు. అయినను రేపు మీ యూరు పురపాలకసంఘమున కలిసినచో ఈ కాగితములు మీ ముందునకే వచ్చును.

చేరుట యెట్లని అడుగుదురు. సంఘము తీర్మానము చేయవలెను. లెక్కలు తనిఖీ అయి యుండవలెను. ఏ పనికెంత, తీర్చు ఆదాయమెక్కడిదో వ్రాసి చూపవలెను. ప్రభుత్వపు అనుమతి పొందవలెను. ఈ కడపటి కట్టడి 1914 నాటి స్థానిక సంస్థల ఋణముల చట్టమునందును ఉన్నదే. ఇవన్నియు గుమాస్తా సిద్ధపరచగల పనులు. సభ్యులు తామే చదువవలసిన పంక్తి యొకటి గలదు: మేము వాయిదా తప్పినచో మాకు రావలసిన ప్రభుత్వధనమును పట్టుకొనవచ్చునను ఒడంబడిక. వీధులూడ్చువారి జీతములు ఆ ధనముననే యుండవచ్చును. చేవ్రాలు చేయుటకు ముందే దానిని సభలో బిగ్గరగా చదివింపుడని నా మనవి.

బెల్జియము కథ మిగిలియున్నది. నూరేండ్లకు పైగా పురములకు అప్పులిచ్చిన ఆ సంస్థ 1996లో ఫ్రాన్సు దేశపు అట్టి సంస్థతో కలసి డెక్సియా అయ్యెను. దేశదేశముల వ్యాపారమునకు దిగెను. 2008 సంక్షోభమున తూలి, ప్రభుత్వముల సొమ్ముతో నిలిచెను. 2011లో మరల కూలెను. దాని బెల్జియము శాఖను 400 కోట్ల యూరోలకు రాజ్యమే కొనవలసివచ్చెను. పురముల వాటాలను దాచియుంచిన ఉమ్మడి సంస్థ ఆ యేడే మూతకు దిగెను. తాతలనాటినుండి కూర్చిన వాటాధనము హరించిపోయెను.