అంచు అవతలి మెనూ

మూసి ఉన్న మెనూ ఎక్కడుంటుంది? హైదరాబాద్‌లో ఐఫోన్ యాప్‌లు రాసే మా టీమ్‌లోకి కొత్తగా వచ్చే పిల్లల్ని నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. స్క్రీన్ మూలన మూడు అడ్డగీతలు తాకితే పక్క నుంచి జారుకుంటూ వస్తుందే, ఆ మెనూ. చాలామంది ఠక్కున ఒక అంకె చెబుతారు: మైనస్ 260 అని. అంటే ఎడమ అంచుకు అవతల 260 పాయింట్ల (ఐఫోన్ స్క్రీన్ కొలిచే యూనిట్ల) దూరంలో అని. ఆ జవాబు తప్పు కాదు, పాతది. అంకెతో చెప్పే దగ్గర నుంచి సంబంధంతో చెప్పే దగ్గరకు మా వృత్తి ఎలా వచ్చిందో ఎక్కడా రాసినట్టు కనబడదు. అందుకే రాస్తున్నాను.

ఆ మూడు గీతలు ఫోన్ల కంటే చాలా ముందువి. 1981లో జిరాక్స్ విడుదల చేసిన స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ అనే డిజైనర్ గీశాడు. లోపల జాబితా ఉందని చెప్పడానికి జాబితా ఆకారాన్నే గుర్తుగా పెట్టాడు. జారే పలక వంశం వేరు. 2001 నాటి మ్యాక్ ఓఎస్ టెన్‌లో విండో పక్క నుంచి సొరుగులా బయటికొచ్చే ప్యానెల్ ఉండేది. మెయిల్ ప్రోగ్రాంలో మెయిల్‌బాక్సులన్నీ అందులోనే కనిపించేవి. 2005లో టైగర్ వెర్షన్ వచ్చినప్పుడు మెయిల్ నుంచి దాన్ని తీసేశారు. గీతలూ పలకా కలిసి జనం చేతుల్లోకి వచ్చింది 2011లో. అక్టోబరులో ఫేస్‌బుక్ ఐఫోన్ యాప్ పక్క మెనూతో కొత్త రూపం దాల్చింది, నవంబరులో పాత్ యాప్ రెండో వెర్షన్ అదే దారి పట్టింది. ఆ తర్వాత ఏ క్లయింట్‌ను కదిపినా ఒకటే మాట: ‘‘ఫేస్‌బుక్‌లో లాగా పక్క నుంచి రావాలండీ!’’

అప్పట్లో అదేమంత కష్టం కాదు. 2007 నుంచి 2012 దాకా ఐఫోన్ స్క్రీన్ కొలత ఒక్కటే: అడ్డం 320 పాయింట్లు, నిలువు 480. 2010లో ఐఫోన్ 4 వచ్చి పిక్సెళ్లు రెండింతలైనా పాయింట్లు మారలేదు. పేజీని 260 పాయింట్లు కుడికి జరిపితే 60 మిగులుతాయి, తిరిగి మూయడానికి బొటనవేలికి ఆ చోటు చాలు. ఫ్రేమ్ (పేజీ చోటూ కొలతా) మార్చే లైన్‌ను యానిమేషన్ బ్లాక్‌లో పెట్టి 0.3 సెకన్లు అని రాస్తే పని అయిపోయేది. ఈ లెక్క ప్రపంచంలోని ప్రతి ఐఫోన్‌లోనూ సరిపోయేది కాబట్టి ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు.

2012 సెప్టెంబరులో ఐఫోన్ 5 వచ్చింది. నిలువు 568 అయింది. కొత్త కొలతకు సిద్ధం చేయని యాప్‌లకు పైనా కిందా నల్ల పట్టీలు పడ్డాయి. అదే నెలలో ఐఓఎస్ 6తో పాటు ఆటో లేఅవుట్ ఫోన్ మీదికొచ్చింది. మ్యాక్‌లో అప్పటికి ఏడాది ముందే, లయన్ వెర్షన్‌తో వచ్చి ఉంది. దాని పద్ధతి పెళ్లిలో గ్రూప్ ఫోటో తీసేవాడి పద్ధతే. గోడకు ఇన్ని అడుగుల దూరంలో నిలబడండి అని ఫోటోగ్రాఫర్ ఎవరికీ చెప్పడు. పెదనాన్నగారి పక్కన మీరు, పిల్లలంతా ముందు వరసలో, అమ్మాయి కాస్త అబ్బాయి దగ్గరికి జరగాలి అంటాడు. హాలు పెద్దదైనా చిన్నదైనా వరస నిలబడుతుంది. అలా చెప్పే ఒక్కొక్క షరతునీ మేము కన్‌స్ట్రెయింట్ అంటాం.

ఆపిల్ ఈ ఆలోచనను శూన్యంలోంచి తేలేదు. 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ తన థీసిస్ కోసం స్కెచ్‌ప్యాడ్ చేశాడు. లైట్ పెన్‌తో వంకరటింకరగా నాలుగు గీతలు గీసి, ఇవి సమాంతరంగా ఉండాలి, వీటి పొడవు సమానం కావాలి అని చెబితే కంప్యూటరే సరిచేసేది. 1979లో అలన్ బోర్నింగ్ థింగ్‌ల్యాబ్‌తో దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లాడు. అదే బోర్నింగ్, కిమ్ మారియట్, పీటర్ స్టకీ, యీ షావోలతో కలిసి 1997లో ప్రచురించిన పరిశోధనలోంచి కాసోవరీ అనే అల్గారిదం వచ్చింది. న్యూగినీ, ఆస్ట్రేలియా అడవుల్లో తిరిగే, ఎగరలేని పెద్ద పక్షి పేరు అది. 1947లో జార్జ్ డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతిని స్క్రీన్ అమరికకు పనికొచ్చేలా మలిచారు: ఒక షరతు మారితే మొత్తం లెక్కను మొదటి నుంచి కట్టకుండా, మారినంత మేరకే సవరించేలా. ఆటో లేఅవుట్ గుండెకాయ ఈ కాసోవరీయే. అమెరికా, ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో గణితం చేసుకుంటున్నవాళ్ల పని మన జేబులోని ఫోన్‌లోకి వచ్చిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

వచ్చిన కొత్తలో మాత్రం మా వాళ్లు చాలామంది దాన్ని తిట్టుకున్నారు. యాప్‌లు రాయడానికి ఆపిల్ ఇచ్చే ఎక్స్‌కోడ్ 4లో స్క్రీన్‌ను మౌస్‌తో గీస్తే కన్‌స్ట్రెయింట్లను అదే తనకు తోచినట్టు పెట్టేది, వద్దన్నా తియ్యనిచ్చేది కాదు. 2013లో ఎక్స్‌కోడ్ 5 వచ్చాక గానీ ఆ బాధ తగ్గలేదు. అందుకని కన్‌స్ట్రెయింట్లను కోడ్‌లోనే రాసుకునే అలవాటు బలపడింది. అదీ తేలిక కాదు. ఏ వ్యూ (స్క్రీన్ మీది ఏ భాగం), దాని ఏ అంచు, సమానమా ఎక్కువా, ఇంకే వ్యూకి, దాని ఏ అంచుకి, ఎన్ని రెట్లు, ఎంత తేడా: ఒక్క షరతుకు ఏడు మాటలు చెప్పాలి. 2015లో ఐఓఎస్ 9తో యాంకర్లు వచ్చాక అది ఒక్క చిన్న లైన్ అయింది.

ఇక కదలిక సంగతి. పాత అలవాటు కొద్దీ ఫ్రేమ్ జరిపితే మెనూ వచ్చేది, కానీ ఫోన్ అడ్డంగా తిప్పగానే టక్కున వెనక్కి పోయేది. ఆటో లేఅవుట్ ఇంజిన్ దృష్టిలో షరతే నిజం, మనం జరిపిన ఫ్రేమ్ కాదు. మళ్లీ లెక్క కట్టగానే షరతు చెప్పిన చోటికే మెనూను పంపేస్తుంది. కాబట్టి మార్చాల్సింది షరతును. దానిలోని కాన్‌స్టెంట్‌ను, అంటే ‘ఎంత తేడా’ అన్న అంకెను, మైనస్ 260 నుంచి సున్నాకు మార్చి, యానిమేషన్ బ్లాక్ లోపల మాతృవ్యూ మీద లేఅవుట్ ఇఫ్ నీడెడ్ అని పిలవాలి. ఆ పిలుపు లేకపోతే మెనూ జారదు, ఒక్క గెంతులో వచ్చి కూర్చుంటుంది. కారణం ఏమిటంటే, షరతు మార్చినంత మాత్రాన స్క్రీన్ మీద ఏదీ కదలదు. తర్వాతి లేఅవుట్ వంతు వచ్చేదాకా ఆ మార్పు వేచి ఉంటుంది. ఆ వంతును బ్లాక్ లోపలికి లాక్కొస్తేనే పాత చోటుకీ కొత్త చోటుకీ మధ్య దారిని ఆపిల్ కదలికల వ్యవస్థ కోర్ యానిమేషన్ నింపుతుంది. మెనూ జారుతున్నంతసేపూ అడుగడుగునా కాసోవరీ సమీకరణాలు కడుతోందని చాలామంది అనుకుంటారు. కట్టదు. లెక్క ఒక్కసారే, మిగిలిందంతా రెండు చోట్ల మధ్య ప్రయాణం.

ఇక్కడిదాకా వచ్చినా ఆ 260 ఇంకా మిగిలే ఉంది. దాన్ని వదిలించుకోవాల్సిన అవసరాన్ని నాకు చూపించింది తెలుగే. ఒక వార్తల యాప్ మెనూను ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి మార్చాం. ‘వరల్డ్’ అన్న చోట ‘అంతర్జాతీయం’ వచ్చి చివర మూడు చుక్కలైంది. ‘స్టేట్’ అన్న చోట ‘రాష్ట్రం’ వచ్చింది. ష కింద ట, దాని కింద ర వత్తు. 20 పాయింట్ల ఎత్తు అని బిగించిన వరసలో ఆ ర వత్తు సగం తెగిపోయింది. ఇంగ్లిష్ అక్షరాల కొలతకు కట్టిన గదిలో మన వత్తులకు చోటు ఉండదు. ఎత్తు 20 అని కాకుండా కనీసం 20, అక్షరానికి ఎంత కావాలో అంత అని రాస్తే రాష్ట్రం నిండుగా కనిపించింది. వెడల్పుకూ అదే న్యాయం: అన్నిటికంటే పొడవైన మాట ఎంతో మెనూ అంత.

మరి వెడల్పు ముందుగా తెలియనప్పుడు మెనూను ఎంత దూరం దాచాలి? ఏ అంకే రాయకూడదు. రెండు షరతులు రాయాలి. మూసినప్పుడు మెనూ చివరి అంచు స్క్రీన్ మొదటి అంచును తాకి ఉండాలి. తెరిచినప్పుడు మెనూ మొదటి అంచు స్క్రీన్ మొదటి అంచును తాకాలి. ఒకదాన్ని ఆపి రెండోదాన్ని ఆన్ చేస్తే సరి, వెడల్పు ఎంతైనా జారుతుంది. వరస ముఖ్యం. ముందు ఆపాలి, తర్వాతే ఆన్ చేయాలి. రెండూ ఒకేసారి అమల్లో ఉంటే మెనూ అటూ ఇటూ కూడా ఉండాలన్నమాట. అప్పుడు ఇన్ని షరతులు ఒక్కసారి తీర్చలేనంటూ ఎక్స్‌కోడ్ కన్సోల్‌లో పెద్ద జాబితా పరిచి, ఇంజిన్ తనకు తోచిన ఒకదాన్ని తెంచేస్తుంది.

ఎడమ, కుడి అనకుండా మొదటి అంచు, చివరి అంచు అనడంలో ఇంకో లాభం ఉంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అదే యాప్ ఉర్దూలోకి మారితే మొదటి అంచు కుడివైపుకు వెళుతుంది, మెనూ కుడి నుంచి వస్తుంది. షరతుల్లో అక్షరం మార్చనక్కర్లేదు. తెలుగూ ఉర్దూ పక్కపక్కన బతికే ఊళ్లో యాప్‌లు రాసేవాళ్లకు ఇది చిన్న సంగతేం కాదు.

2019లో స్క్రీన్లు రాయడానికి ఆపిల్ కొత్త పద్ధతి స్విఫ్ట్‌యూఐ వచ్చాక కన్‌స్ట్రెయింట్లు రాయడమే తగ్గింది. అందులో చాలామంది పక్క మెనూను ఆఫ్‌సెట్‌కు ఒక అంకె ఇచ్చి దాచేస్తున్నారు. నాకది వెనకడుగే అనిపిస్తుంది; మొదటి అంచు నుంచి రమ్మని చెప్పే ట్రాన్సిషన్ అందులోనే సిద్ధంగా ఉంది.

మెనూ ప్రాభవం కూడా అప్పటికి తగ్గింది. 2013లో ఆండ్రాయిడ్ దాన్ని నావిగేషన్ డ్రాయర్‌గా అధికారికం చేసింది, అదే ఏడాది ఫేస్‌బుక్ ఐఫోన్ యాప్ కింది ట్యాబ్‌లకు మారిపోయింది. ఐఓఎస్ 7లో ఎడమ అంచు నుంచి గీస్తే వెనక్కి వెళ్లే సైగ వచ్చింది, 2019లో ఆండ్రాయిడ్ 10లోనూ అలాంటిదే వచ్చింది. మెనూను లాగాల్సిన అంచే వేరేవాళ్లదైపోయింది. ఆ మార్పు నాకు సబబుగానే అనిపించింది, ఇంగ్లిష్ యాప్‌ల వరకు. 375 పాయింట్ల స్క్రీన్‌లో ఐదు ట్యాబ్‌లు పెడితే ఒక్కోదానికి 75 పాయింట్లు. ‘అంతర్జాతీయం’ అందులో పట్టాలంటే అక్షరాలు కుదించాలి, కుదిస్తే ‘రాష్ట్రం’లో వత్తులు చదవలేం. అందుకే తెలుగులో సెక్షన్ల జాబితా పెద్దదైనప్పుడు నేను ఇప్పటికీ పక్క మెనూనే పెడతాను, తెరవడానికి సైగ లేకుండా, మూడు గీతల బటన్ ఒక్కదానితో.