‘మొండి’ ఎక్కడి నుంచి వచ్చింది?

ఈరోజు మొండి అంటే చెప్పిన మాట వినని స్వభావం. మొదట ఆ మాటకు స్వభావంతో పనే లేదు. తెగిపోయింది, కొస లేనిది అని అర్థం. తల తెగిన ఒళ్ళు మొండెం. పదును పోయిన కత్తి మొండికత్తి. కప్పు కూలిపోయి మిగిలినవి మొండిగోడలు. సాయం అడిగినవాడికి ఏమీ ఇవ్వకుండా పంపితే మొండిచెయ్యి చూపించాడంటాం. వేళ్ళు లేని చెయ్యి ఏమివ్వగలదు? తమిళంలో ‘మొండి’ అంటే కుంటితనం, కన్నడంలో ‘మొండు’ అంటే పదును లేకపోవడం, పంతం కూడా. అంటే ఇది సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు, మన ద్రావిడ భాషల సొంత మాట.

తెగినదానికి పంతం అన్న అర్థం ఎలా వచ్చింది? మొద్దుబారిన కొసను ఇంకా విరవలేం, వంచలేం. శరీరానికి చెప్పిన మాటను జనం మనసుకూ వాడారు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నాటికే ఈ రెండు అర్థాలూ ఒకే పదం కింద చేరాయి.

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద వెలువరించిన సంపుటాల్లో ‘మొండి’ అనే పేరుతో ఒక యాచక వర్గం కనిపిస్తుంది. భిక్ష వేయకపోతే తమ ఒంటిని తామే గాయపరచుకుని వేయించుకునేవారు. గాయపడ్డ ఒళ్ళు, వదలని పట్టు, రెండూ అక్కడ ఒకే మనిషిలో కలిశాయి. దాన్ని బెదిరింపు అని తేల్చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. చేతిలో ఏమీ లేనివాడికి మిగిలిన బలం అదొక్కటే. మొండివాడు రాజుకంటే బలవంతుడన్న సామెత ఊరికే పుట్టలేదు.

తర్వాత ఈ మాటకు గౌరవమూ దక్కింది. మొండిధైర్యం మెచ్చుకోలు అయింది. 1982లో చిరంజీవి సినిమాకు ‘మొండిఘటం’ అని పేరు పెట్టారు. వానలు మొహం చాటేసినా నిలబడే జొన్నను రైతు మొండిపంట అంటాడు, ప్రేమగానే. ధర్నా శిబిరాల్లో మాత్రం ప్రభుత్వం మొండివైఖరి విడనాడాలనే నినాదం.

పత్రికలు బ్యాంకులకు తిరిగిరాని అప్పులను మొండిబకాయిలు అంటున్నాయి. ఈ వాడుక నాకు నచ్చదు. పంతం అప్పుది కాదు, కట్టే స్తోమత ఉండీ ఎగ్గొట్టినవాడిది. అలాంటప్పుడు ఎగవేత అని రాయండి. మొండి అన్న మాటను జొన్నచేనుకీ, దెబ్బ తిని కూడా నిలబడ్డ మనిషికీ ఉంచండి.