చూచుట, చూచుకొనుట



తెనాలి బడులలోను బాపట్ల కళాశాలలలోను మన బిడ్డలు ఇంగ్లీషు నేర్చుకొనుచున్నారు. రేపల్లె ప్రాంతపు పల్లెలనుండి బయలుదేరి, ఆ భాషను నమ్ముకొని సముద్రములు దాటినవారును కలరు. ఇంగ్లీషులో చూపును గూర్చిన పలుకుబడులు చాల ఉన్నవి. అవి ఎక్కడనుండి వచ్చెనో, మన తెలుగు మాటలతో ఎచ్చట కలియునో, ఎచ్చట విడిపోవునో కొంచెము విచారింతము. ఇది వట్టి మాటల చరిత్రయని తలంపకుడి. దీని వెంబడి మన యింటి సంగతి యొకటి రానున్నది.

ఇంగ్లీషువాడు తనకొక విషయము బోధపడినప్పుడు "ఐ సీ" అనును. మాటకు మాట చెప్పినయెడల "నేను చూచుచున్నాను" అని దాని అర్థము. ఎదుట చూడదగిన వస్తువేదియు ఉండనక్కరలేదు. ఈ వాడుక మిక్కిలి పాతది. క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో "ఎరుగుదును" అని చెప్పు "ఓయిద" అను మాటకు మూలార్థము "చూచియున్నాను" అనియే. మన తెలుగువాడు "తెలిసినది", "అర్థమైనది" అనును. అయినను "కనుగొంటిని" అన్నప్పుడు మనకును కన్నే సాక్షి.

ఇంగ్లీషు పలుకుబడులలో కొన్ని వారి యుద్ధములనుండి వచ్చినవి. తప్పు కనబడుచున్నను చూడనట్లు ఊరకుండువానిని గూర్చి, గ్రుడ్డి కన్ను త్రిప్పినాడని వారందురు. 1801లో కోపెన్‌హేగన్ యొద్ద జరిగిన నౌకాయుద్ధములో నెల్సన్ అను సేనాని, వెనుకకు మరలుమని పై అధికారి ఇచ్చిన సంకేతమును చూడనొల్లక, చూపు పోయిన కంటికి దుర్భిణి పెట్టుకొనెనని కథ చెప్పుకొందురు. దీనినే మనము "చూచియు చూడనట్లు" అని తేలికగా చెప్పుచున్నాము.

అయితే వారి పలుకుబడులలో అనేకము బైబిలునుండి వచ్చినవే. విలియం టిండేల్ క్రొత్త నిబంధనను ఇంగ్లీషులోనికి మార్చి 1526లో అచ్చువేయించెను. 1536లో ఆయనను గొంతు నులిమి చంపి, దేహమును దహించిరి. ఆయన మాటలు మాత్రము చావలేదు. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో అవి విస్తారముగా చేరినవి. ఆ గ్రంథము ఇంటింట చదువబడుటచేత, హెబ్రీయుల పలుకుబడులును గ్రీకుల పలుకుబడులును ఇంగ్లీషు రైతు నోటికి వచ్చెను. కంటినుండి పొరలు రాలుట, రెప్పపాటు కాలము, కంటిలోని నలుసు, దూలము: ఇవన్నియు వారికి అట్లు అబ్బినవే.

ఈ మాటలు తెలుగునకు వచ్చుటకు మరికొంత కాలము పట్టెను. 1805లో క్రాన్, డి గ్రాంజెస్ అను మిషనెరీలు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను తెలుగు పండితుడు వారికి తోడుపడెను. ఆ కృషివలన 1812లో తెలుగు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చుపడెను. 1818 నాటికి క్రొత్త నిబంధన అంతయు తెలుగులో అచ్చయ్యెను. 1842లో హయ్యరు అయ్యగారు గుంటూరు వచ్చిరి. ఆయన జర్మనీలో పుట్టి అమెరికాలో బోధకుడైనవాడు. పిమ్మట తెనాలి, రేపల్లె ప్రాంతములలో లూథరను సంఘములును, బాపట్లలో బాప్టిస్టు సంఘములును వృద్ధినొందెను. 2022లో బాపట్ల ప్రత్యేక జిల్లా కేంద్రమాయెను గాని, ఆ దినములలో ఇదంతయు గుంటూరు సీమయే.

ఇంగ్లీషువారు ఇతరుల యొద్ద నేర్చుకొనవలసిన మాటలు మన పల్లెలలో ముందే సిద్ధముగా ఉండెను. కళ్లమున గాలికి ఎదురుగా ధాన్యమును తూర్పారబట్టినవానికి కంటిలోని నలుసు సంగతి ఎవరు చెప్పవలెను? పొట్టు కంటిలో పడినప్పుడు తన చేతితో తాను తీసికొనలేడు. ప్రక్కవాడు దగ్గరకు వచ్చి, రెప్ప పైకెత్తి, కొంగు కొసతోనో పంచె అంచుతోనో మెల్లగా తీయవలెను. తీయువాని కన్ను శుభ్రముగా ఉండవలెనన్నది మనవారికి వివరింప పనిలేదు.

ఇక ఒక చక్కని మాట చూడుడి. మిక్కిలి ప్రియమైనవానిని ఇంగ్లీషువారు "యాపిల్ ఆఫ్ ది ఐ", అనగా కంటి యాపిలుపండు అందురు. కంటి నడుమనున్న నల్లని భాగము పండువలె గుండ్రనిదని వారి పూర్వులు తలంచిరి. హెబ్రీ మూలములో పండు లేదు. అక్కడ ఉన్న "ఈషోన్" అను మాటకు "కంటిలోని చిన్న మనుష్యుడు" అని అర్థము చెప్పుదురు. మన తెలుగు మాట ఏది? కనుపాప! పాప అనగా బిడ్డ. హెబ్రీయుడును తెలుగువాడును ఒకరినొకరు ఎరుగకయే ఒకటే చూచిరి. ఎదుటివాని కంటిలోనికి తేరిచూచినయెడల మన రూపము చిన్న బొమ్మవలె అందు కనబడును. అయితే ఆ బొమ్మ కనబడుటకు ఎంత దగ్గరకు రావలెనో ఆలోచించుడి. తల్లి ఒడిలోని బిడ్డ అంత దగ్గరకు రావలెను. దూరమున నిలిచినవాడు ఎవరి కంటిలోను పాప కానేరడు.

సంఘపు పెద్దలకు పెట్టిన పేరులో సహితము కన్నున్నది. "బిషప్పు" అను మాట "ఎపిస్కొపొస్" అను గ్రీకు మాటనుండి వచ్చినది. పైనుండి కనిపెట్టి చూచువాడని దాని అర్థము. తెలుగు బైబిలులో దానికి "అధ్యక్షుడు" అని ఉన్నది. ఆ సంస్కృత పదములోను "అక్షి"కి సంబంధించిన కన్నే కలదు. కాబట్టి కూర్చుండు కుర్చీ ఎత్తునుబట్టి ఎవడును అధ్యక్షుడు కాడు. మందను కన్నులతో కనిపెట్టువాడే అధ్యక్షుడు.

ఇప్పుడు ముఖ్యమైన మాటకు వచ్చితిమి. మోరీయా కొండ ఎక్కుచు ఇస్సాకు, బలికి గొఱ్ఱెపిల్ల ఏదని తండ్రి నడిగెను. అబ్రాహాము చెప్పిన జవాబులో హెబ్రీ క్రియ "చూచును" అనియే. యెహోవా యీరే అను పేరులోను అదే క్రియ. 1611 నాటి ఇంగ్లీషువారు ఆ జవాబులో "ప్రొవైడ్" అని వ్రాసిరి. ఆ మాట లాటిను నుండి వచ్చినది, ముందుగా చూచుట అని దాని పుట్టుక. అయితే ఇప్పుడు ఆ మాట పలుకువానికి అందులో కన్నున్నదని తోచదు, సమకూర్చుట అను అర్థమే తోచును. మన తెలుగు బైబిలులో "చూచుకొనును" అని ఉన్నది. చూచుట పోలేదు, సమకూర్చుటయు పోలేదు. రెండును ఒక్క మాటలో నిలిచినవి.

ఈ మాట మన అమ్మల మాట. "బిడ్డను చూచుకో", "గొడ్లను చూచుకో", "జ్వరముతో ఉన్నాడు, చూచుకొనవలెను" అని దినమెల్ల వినుచున్నాము. తెలుగులో చూపు కంటితో ఆగదు. రుచి చూచుట నాలుకతో, నాడి చూచుట వ్రేళ్లతో, చూచుకొనుట రెండు చేతులతోను చేయుదుము.

ప్రియ చదువరీ, మన బ్రదుకులో మరి రెండు చూపులున్నవి. పెండ్లిచూపులతో సంసారము మొదలగును, కడసారి చూపుతో ముగియును. నేడు మన పల్లెలలో కడసారి చూపు ఎట్లు జరుగుచున్నదో మీరెరుగుదురు. దూరదేశమునుండి కుమారుడు వచ్చువరకు తల్లి దేహమును మంచుపెట్టెలో ఉంచుదురు. అతడు విమానము దిగి, అద్దములోగుండ చూచి ఏడ్చును. ఆ కన్నీరు నిజమైనదే. సెలవు దొరకనివారును, కాగితములు చిక్కనివారును, అక్కడి సంపాదనతోనే ఇక్కడి మందులు కొనుచున్నవారును కలరు. వారిని నిందింపకుడి. ప్రతి రాత్రి ఫోనులో తల్లి ముఖము చూచుచున్నవారు మంచి పనియే చేయుచున్నారు. అయినను చూచుట వేరు, చూచుకొనుట వేరు. ఫోను అద్దములో ముఖము కనబడును గాని, ఆమె కంటిలోని నలుసు తీయుటకు చేయి అందదు.

అట్టి తల్లులు మీ వీధిలో ఎందరున్నారు? ఆదివారము గుడిలో వెనుక చాపమీద కూర్చుండి, పాటల పుస్తకములోని అక్షరములు కానరాక పెదవులు మాత్రము కదలించువారెందరు? వారి కంటి శుక్లమునకు శస్త్రచికిత్స కలదు. ఆసుపత్రికి తోడు వచ్చువారు లేక అనేకులు అట్లే ఉండిపోవుచున్నారు. ఒక దినము మీ పని మానుకొని వారిని బస్సెక్కించుడి. కట్టు విప్పినప్పుడు ప్రక్కనుండుడి. చుక్కలమందు వేళకు వేయుడి. చుక్క వేయుటకు వంగినప్పుడు వారి కంటిలోనికి చూడుడి. ఆ కనుపాపలో చిన్న బొమ్మవలె కనబడునది మీ రూపమే.