సొంత బడి కట్టని ఫౌండేషన్

విద్యాసంస్థ చరిత్ర అనగానే శంకుస్థాపన ఫొటో, భూదాత పేరు, ఏ ఏడాది ఎన్ని గదులు కట్టారన్న లెక్క వెతుకుతాం. ఎం.వి. ఫౌండేషన్ విషయంలో ఆ వెతుకులాట దండగ. పని మాన్పించి తెచ్చిన పిల్లల్ని వాళ్లు చేర్పించింది ఊళ్లో అప్పటికే ఉన్న సర్కారు బడిలోనే. పిల్లలకు విడిగా ఓ మంచి బడి పెట్టి పేరు తెచ్చుకోవడం ఇంతకంటే తేలిక. వాళ్లు ఆ దారి పట్టకపోవడమే ఈ సంస్థ చరిత్రలో అసలు విషయమని నా అభిప్రాయం.

1981లో మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరిట దీన్ని స్థాపించారు. నెల్లూరు జిల్లాకు చెందిన ఆయన చరిత్ర, రాజనీతి శాస్త్రాల్లో పెద్ద పండితులు. ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమ చరిత్ర సంపుటాలకు సంపాదకులు, 1968లో పద్మభూషణ్ అందుకున్నారు. మొదటి పదేళ్లూ సంస్థ పని ఎక్కువగా పరిశోధనే. మలుపు తిప్పింది ఆయన మనవరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్ర ఆచార్యులు శాంతా సిన్హా.

1991లో రంగారెడ్డి జిల్లాలో వెట్టి నుంచి విడిపించిన పిల్లలతో పని మొదలైంది. అప్పు తీరేదాకా పిల్లాణ్ణి పెద్ద రైతు దగ్గర జీతం ఉంచడం అక్కడి పల్లెల్లో మామూలు. తెల్లారకముందే కొట్టంలో పేడ ఎత్తాలి, పశువుల్ని తోలుకుపోవాలి, పొద్దుగూకాక కట్టేసి మేత వేయాలి. అలాంటి పిల్లలకు ఆ రోజుల్లో అందరూ చెప్పే మందు రాత్రి బడి. పగలంతా పశువుల వెంట తిరిగినవాడు రాత్రి పలక ముందు కునుకు తీయక ఏం చేస్తాడు?

1986 నాటి బాలకార్మిక చట్టం ప్రమాదకరమైన పనుల్నే నిషేధించింది. పొలం పనులకు, పశువుల కాపలాకు ఆ నిషేధం లేదు. ఫౌండేషన్ ఆ గీతను చెరిపేసింది. పగటి బడికి రాని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ప్రతి పిల్లాడూ బాలకార్మికుడే అంది. పేదవాడికి పిల్లల సంపాదన తప్పదన్న మాటనూ ఒప్పుకోలేదు. మొండివాదమన్నారు చాలామంది. నిజమే, మొండివాదమే. అది లేకపోతే రాత్రి బడి దగ్గరే ఆగిపోయేవారు.

మాట అన్నంత సులువు కాదు చేత. పన్నెండేళ్ల పిల్లాణ్ణి ఒకటో తరగతిలో ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చోబెడితే సిగ్గుతో రెండో రోజు రాడు. అందుకే శిబిరాలు పెట్టారు. అక్కడే ఉండి, తిని, ఆడి, నెలల తరబడి చదివి, వయసుకు తగ్గ తరగతిలో చేరేవారు. చేరబోతే మరో తంతు: పుట్టినతేదీ కాగితం లేదని, అడ్మిషన్ల గడువు దాటిందని బడి గుమ్మంలోనే ఆపేసేవారు. ఆ చిక్కులు విప్పడానికి ఊరి పెద్దలు, యువకులు, తల్లిదండ్రులు కదలాల్సివచ్చింది. సర్కారు టీచర్లే బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడటం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపిస్తుంది. బడి గుమ్మం లోపలి మనిషి మనవైపు ఉంటే సగం గొడవ తీరినట్టే.

హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలలో కథ ఇంకోలా ఉండేది. అక్కడ ‘క్రాసింగ్’ పనికి ఆడపిల్లలే కావాలి. సాయంత్రం మొగ్గ విప్పి అందులోని పుప్పొడి కాడల్ని గోటితో గిల్లేయాలి. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి అద్దాలి. నెలల తరబడి ఇదే. వేళ్లు చిన్నవి, కూలీ తక్కువ, ఎదురు మాట్లాడరు. అడ్వాన్సు ముందే తండ్రి చేతిలో పడి ఉంటుంది. ఆ చేలలోంచి పిల్లల్ని తేవాలంటే రైతుతోనే కాదు, వెనకున్న విత్తన కంపెనీలతోనూ తలపడాలి.

2003లో శాంతా సిన్హాకు మెగసెసె పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బడి మానేసిన పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. శిబిరాలు చేసిన పనీ అదే. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు గానీ, బడి వేళయ్యాక ఇంటివాళ్ల పనిలో సాయపడవచ్చంటూ కిటికీ ఒకటి తెరిచే ఉంచారు.

ఉచిత విద్య హక్కు కూడా పద్నాలుగేళ్ల దగ్గరే ఆగింది. ఆ తర్వాత హైస్కూలు పక్క ఊళ్లో, ఇంటర్ కాలేజీ మండల కేంద్రంలో. బస్సు వేళకు రాదు. పది తప్పిన అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలవుతుంది. పిల్లల్ని పశువుల వెనక నుంచి బడికి తెచ్చిన ఫౌండేషన్ ఇప్పుడు ఆ పెళ్లిళ్లు ఆపి, అమ్మాయిల్ని పద్దెనిమిదేళ్ల వరకు చదువులో నిలబెట్టే పనిలో ఉంది.