ఐస్డ్ చాయ్ లాటే

చిక్కటి మసాలా టీ డికాక్షన్‌లో చల్లటి పాలు, ఐసు ముక్కలు కలిపి చేసే పానీయం. 1990లలో అమెరికాలో తియ్యటి చాయ్ డికాక్షన్‌ను తయారుగా అమ్మడం మొదలయ్యాక కాఫీ షాపుల్లో బాగా పాకింది. ఇంట్లో చేసుకున్నదే ఘాటుగా, రుచిగా ఉంటుంది.

2 కప్పుల నీళ్లలో దంచిన అల్లం, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, కాసిని మిరియాలు వేసి 10 నిమిషాలు మరిగించాలి. అల్లం దగ్గర తొందరపడకూడదు: పచ్చి అల్లంలోని జింజిబైన్ అనే ఎంజైమ్ పాలను విరగ్గొడుతుంది, బాగా మరిగితేనే దాని శక్తి పోతుంది. పొయ్యి కట్టేసి 4 చెంచాల అస్సాం టీపొడి వేసి, 5 నిమిషాలు మూతపెట్టి వడకట్టాలి. చక్కెర వేడిమీదే కలపాలి. ఫ్రిజ్‌లో డికాక్షన్ మసకబారితే పారబోయనక్కర్లేదు. టానిన్లు, కెఫీన్ జతకట్టడమే కారణం. గ్లాసు నిండా ఐసు వేసి, డికాక్షన్, కాచి చల్లార్చిన పాలు సమంగా పోయాలి.