అందరి వంశాలూ చెరిపి, తన వంశం నిలిపి

1202లో తాతారులతో పోరుకు దిగేముందు టెముజిన్ తన దండుకు ఒక కట్టడి విధించాడు. శత్రువు పూర్తిగా ఓడేదాకా ఎవరూ కొల్లసొమ్ము జోలికి పోకూడదు. గెలిచాక సొమ్మంతా ఒకచోట చేర్చి పంచుకోవాలి. ఆనాటి మంగోలు పచ్చిక మైదానాల్లో ఇది వినడానికే విడ్డూరం. అక్కడ యుద్ధమంటేనే కొల్ల. చేతికి చిక్కిన గుర్రమైనా గొర్రె అయినా మనిషైనా పట్టుకున్నవాడిదే. అందుకే ముగ్గురు పెద్దమనుషులు ఆ మాట లెక్కచెయ్యలేదు. ఒకడు టెముజిన్ సొంత బాబాయి దారితాయి, ఇంకొకడు పెదనాన్న కొడుకు కుచార్, మూడోవాడు పాత ఖాన్ కుతుల కొడుకు అల్తాన్. అంతకు కొన్నేళ్ళ ముందు టెముజిన్‌ను తమ ఖాన్‌గా నిలబెట్టినవాళ్ళలో అల్తాన్, కుచార్ ముఖ్యులు కూడా. అయినా అతను మనుషుల్ని పంపి ముగ్గురి దగ్గరా ఉన్న సొమ్మంతా లాగేసుకున్నాడు. ఆ అవమానం మింగుడుపడక వాళ్ళు కొద్దికాలానికే శత్రుపక్షంలో తేలారు.

ఈ టెముజినే తర్వాత చెంఘిజ్ ఖాన్ అయ్యాడు. తెన్నేటి సూరి నవల పుణ్యమా అని చెంఘిజ్ ఖాన్ తెలుగు పాఠకులకు ఏనాటినుంచో పరిచయమే. ఆ పేరు వినగానే గుర్రపు డెక్కలూ తగలబడే పట్నాలూ గుర్తొస్తాయి గాని, ఇలాంటి కొల్లసొమ్ము తగాదా ఎవరికీ తట్టదు. నా మటుకు నాకు అసలు కథ ఈ తగాదాలోనే ఉందనిపిస్తుంది. విల్లూ గుర్రమూ ఆ మైదానంలో అందరికీ ఉన్నవే. టెముజిన్ ఒక్కడే చేసిన పని, పుట్టుక వల్ల వచ్చే పెత్తనాన్ని పడగొట్టడం. తెగలను చీల్చి, పెద్దింటివాళ్ళను కిందికి దించి, ఎవరి కొడుకైనా సరే తన లెక్కల పుస్తకంలో ఒక పేరుగా మార్చాడు. అయితే ఒక్క ఇంటిని మాత్రం ఆ లెక్కలోకి రానివ్వలేదు. అది తన ఇల్లే. మంగోలు సామ్రాజ్యం నిలబడ్డానికి ఆ నియమం, విరిగిపోవడానికి ఈ మినహాయింపు కారణాలయ్యాయన్నది ఈ వ్యాసం వాదన.

బంధువుల మీద అతనికి నమ్మకం పోవడానికి కారణాలు చిన్నప్పుడే దొరికాయి. టెముజిన్‌కు తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి యెసుగేను తాతారులు విషం పెట్టి చంపారు. దాయాదులైన తాయిచియుదులు పశువుల్ని తోలుకుని, విధవరాలు హోయెలూన్‌నూ పిల్లల్నీ నది ఒడ్డున వదిలేసి వెళ్ళిపోయారు. ఆ కుటుంబం దుంపలు తవ్వుకుని, చేపలు పట్టుకుని బతికింది. కొన్నేళ్ళకు అదే తాయిచియుదులు అతన్ని పట్టుకుని మెడకు కొయ్య బిగిస్తే, ఉన్ని బండిలో దాచి కాపాడింది వాళ్ళ దగ్గర ఊడిగం చేసే సోర్కాన్ షీరా. 1203లో తనను చంపడానికి పన్నిన కుట్రను రాత్రికి రాత్రి చేరవేసింది బదాయ్, కిష్లిక్ అనే ఇద్దరు గుర్రాల కాపరులు. అన్నదమ్ములుగా ఒట్టేసుకున్న జముఖా శత్రువయ్యాడు, కమ్మరి కొడుకు జెల్మే ప్రాణం నిలబెట్టాడు. ఈ సంగతులన్నీ ఎక్కువగా 'మంగోలుల రహస్య చరిత్ర' చెప్పినవే. ఖాన్ చనిపోయాక అతని వారసుల కోసం రాసిన గ్రంథం కాబట్టి అందులో పొగడ్త ఉంటుందని అనుమానించడం సబబే. కాని చేపా పిట్టా దగ్గర వచ్చిన తగువులో సవతి సోదరుడు బెగ్తేర్‌ను టెముజిన్ బాణంతో కొట్టి చంపాడనీ, కన్నతల్లి అందుకు నోటికొచ్చినట్టు తిట్టిందనీ రాసిన పుస్తకాన్ని భట్రాజు పొగడ్తగా కొట్టిపారెయ్యడం కష్టం.

1206లో ఒనోన్ నది మొదట్లో జరిగిన కురుల్తాయి అనే పెద్దల సభలో అతను చెంఘిజ్ ఖాన్ అయ్యాడు. పట్టాభిషేకం కన్నా ఆ వెంటనే చేసిన పంపకం ముఖ్యమైంది. జనాన్నంతా పదులు, వందలు, వేలుగా విడగొట్టాడు. వెయ్యిమంది చొప్పున ఉన్న 95 దళాలకు నాయకుల్ని నియమించాడు. ఓడిపోయిన తాతారులు, మెర్కిత్‌లు, కెరెయిత్‌లు, నాయమన్‌లు ఒక్కచోట ఉండకుండా వేర్వేరు దళాల్లోకి చెల్లాచెదురయ్యారు. ఒక దళంలో చేర్చినవాడు ఇంకో దళంలోకి పోతే అందరి ఎదుటా మరణశిక్ష వేసేవారనీ, వాడిని చేర్చుకున్నవాడికీ శిక్ష తప్పేది కాదనీ పారశీక చరిత్రకారుడు జువైనీ రాశాడు. నాయకుల్లో కొందరి పుట్టుక చూడండి. ఉరియాంఖాయ్ కమ్మరి ఇంటి సుబుతాయి తర్వాత హంగరీ దాకా సేనలు నడిపాడు. ఒకప్పుడు తాయిచియుదుల తరఫున చెంఘిజ్ మీదే బాణం వేసిన జెబే అగ్రసేనాని అయ్యాడు. తాతారు గుడారంలో దొరికి హోయెలూన్ దగ్గర పెరిగిన షిగి కుతుకు ప్రధాన న్యాయాధికారి అయ్యాడు. ఎవరికి ఏ జనం పంచారో, ఏ తీర్పు ఏమిటో పుస్తకంలో ఎక్కించడం అతని పని. రాత కోసం ఉయ్గుర్ లిపిని తెచ్చుకున్నారు. 10 వేలమంది అంగరక్షక దళంలో నాయకుల కొడుకులు ఉండేవారు. అది ఒకవైపు కొలువు బడి, మరోవైపు తండ్రులు తిరగబడకుండా పెట్టుకున్న తాకట్టు.

పదుల లెక్క అతను కనిపెట్టింది కాదు కదా అనవచ్చు. నిజమే. క్రీస్తుపూర్వం 209లో గద్దెనెక్కిన షియోంగ్‌నూ రాజు మోదు కాలంనుంచీ అది ఆ మైదానాల్లో ఉంది, కిటాన్, జుర్చెన్ రాజ్యాల్లోనూ ఉంది. కాని ఒక తెగను పదులుగా లెక్కపెట్టడం వేరు, పది తెగల మనుషుల్ని కలిపి ఒక పదిగా చెయ్యడం వేరు. మరి ఒంగిరాద్, ఒయిరాత్, ఒంగుత్ వంటి తెగలు తమ నాయకుల కిందే చెక్కుచెదరకుండా ఉన్నాయే అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. అవి ఎదిరించకుండా లొంగినవి, ఖాన్ ఇంటితో వియ్యమందినవి. కాబట్టి నియమాన్ని ఇలా సరిదిద్దుకోవాలి: తన వంశంతో ముడిపడినవాళ్ళ వంశాలు మాత్రం మిగిలాయి. తెగలను చెరపడమంటే దయగల సంస్కరణ అని ఎవరూ పొరబడనక్కర్లేదు. 1202లో చెరపట్టిన తాతారు మగవాళ్ళలో బండి చక్రపు సీల ఎత్తు దాటిన వాళ్ళందరినీ చంపెయ్యాలని తీర్మానించింది టెముజిన్ ఇంటి సభే.

ఈ మధ్య వాతావరణం మీదికి కూడా కొంత ఘనత పోయింది. మంగోలియాలో పాత చెట్ల మానుల్లోని వలయాలు చదివిన శాస్త్రజ్ఞులు 1211 నుంచి 1225 దాకా వరసగా మంచి వానలు పడ్డాయని 2014లో ప్రకటించారు. గడ్డి పెరిగితే గుర్రాలు పెరుగుతాయి, దండయాత్రలు పెరుగుతాయి. దూరదేశాల మీదికి పోవడానికి అది తోడ్పడి ఉండవచ్చు. కాని మంగోలులు ఒక్కటైంది 1206లో. అదే పరిశోధన ప్రకారం అంతకుముందు 1180, 90లు కరువు కాలం. కరువు పాత కట్టుబాట్లను సడలించి ఉంటుంది. సడలినవాటి స్థానంలో ఏం కట్టాలో మాత్రం వాన గాని కరువు గాని చెప్పవు.

క్రూరత్వమే గెలిపించిందన్నది అందరికీ తెలిసిన వాదన. 1221లో మెర్వ్, నిషాపూర్ పట్నాల్లో జరిగిన ఊచకోతను తగ్గించి చెప్పే ఉద్దేశం నాకు లేదు. మెర్వ్‌లో 13 లక్షల శవాలు లెక్కపెట్టారన్న జువైనీ అంకె నమ్మశక్యం కాకపోవచ్చు, నాశనం మాత్రం నిజం. కాని భయం కోట తలుపులు తెరిపిస్తుందేగాని సైన్యాన్ని ఒక్కటిగా ఉంచదు. మధ్య ఆసియాలోని ఖ్వారెజ్మ్ రాజ్యం ఉదాహరణ చూస్తే ఇది తేటపడుతుంది. 1218లో మంగోలుల వర్తక బిడారును ఒత్రార్‌లో దోచి, సుమారు 450 మందిని చంపించిన ఇనల్‌చుక్, ఆ రాజ్యపు సుల్తాను ముహమ్మద్ తల్లి తెర్కెన్ ఖాతూన్‌కు చుట్టం. సుల్తాను సేనలో ముఖ్యబలం ఆమె పుట్టింటి వైపు కిప్చాక్, కంగ్లీ సర్దార్లదే. వాళ్ళను శిక్షించే ధైర్యం అతనికి లేదు, నమ్మే ధైర్యమూ లేదు. అందరినీ ఒకచోట చేరిస్తే తన మీదికే తిరుగుతారేమోనని సేనను బుఖారా, సమర్‌ఖండ్, ఉర్గెంచ్ కోటల్లో విడివిడిగా పెట్టాడు. చెంఘిజ్ ఒక్కొక్క కోటనే తీరిగ్గా పట్టుకున్నాడు. బంధువర్గాన్ని అదుపు చెయ్యలేని రాజుకూ, బంధువర్గమనే మాటనే చెరిపేసిన రాజుకూ మధ్య జరిగిన యుద్ధం అది. 1227లో తంగుతుల మీద యుద్ధం మధ్యలో చెంఘిజ్ చనిపోతే ఆ యుద్ధం ఆగలేదు, దండు చెదరలేదు. అతని పూర్వపు మంగోలు ఖాన్ల విషయంలో అలా ఎన్నడూ జరగలేదు.

ఇక మినహాయింపు సంగతి. జనాన్ని పంచినప్పుడే సొంతవాళ్ళకు వాటాలిచ్చాడు. రహస్య చరిత్ర లెక్క ప్రకారం తల్లికీ చిన్న తమ్ముడికీ కలిపి 10 వేల కుటుంబాలు, పెద్దకొడుకు జోచికి 9 వేలు, చగతాయికి 8 వేలు, ఒగెదేయి, తొలుయిలకు చెరి 5 వేలు. చిక్కు వెంటనే మొదలైంది. తమ్ముడు కాసర్ గద్దె మీద కన్నేశాడని ఒక మాంత్రికుడు చెబితే అతన్ని కట్టేయించాడు. తల్లి వచ్చి కేకలేశాక విడిచిపెట్టాడు గాని, ఆమెకు తెలియకుండా అతని 4 వేల కుటుంబాల్లో 1400 మాత్రం మిగిల్చాడు. పరాయివాణ్ణయితే దళంనుంచి తీసేసేవాడే. తమ్ముణ్ణి అలా తీసెయ్యడం కుదరలేదు. 1219లో వారసుడెవరన్న మాట వచ్చినప్పుడు, జోచి మెర్కిత్‌ల చెరలో పడిన తల్లి కడుపున పుట్టినవాడని చగతాయి తండ్రి ఎదుటే ఎత్తిపొడిచాడు. ఇద్దరూ కలబడ్డారు. రాజీగా మూడోవాడు ఒగెదేయి పేరు ఖాయమైంది. ప్రపంచంలో సగం మందిని పేరూ ఊరూ లేని సిపాయిలుగా మార్చిన మనిషి ఇంట్లో జరిగింది అచ్చమైన దాయాది పోరు.

తర్వాతి కథ ఆ పోరు పొడిగింపే. 1241లో ఒగెదేయి చనిపోతే కొత్త ఖాన్‌ను తేల్చుకోవడానికి నాలుగేళ్ళు పైగా పట్టింది. 1251లో తొలుయి కొడుకు మోంకే గద్దెనెక్కి పెదనాన్నల సంతానంలో ఎందరినో చంపించాడు. 1260లో అతని తమ్ముళ్ళు కుబ్లాయ్, అరిక్ బోకే ఒకరిమీద ఒకరు కత్తులు దూశారు. జోచి కొడుకు బెర్కే, తొలుయి కొడుకు హులాగు కాకసస్ దగ్గర కొట్టుకున్నారు. ఈ తగాదాల సెగ ఒక విచిత్రమైన రీతిలో మనదాకా వచ్చింది. ఇరాన్ ఏలే అర్గున్‌కు పెళ్ళికూతుర్ని తీసుకువెళ్ళే బృందం మధ్య ఆసియాలో మంగోలు రాజుల యుద్ధం వల్ల భూమార్గం వదిలి ఓడలెక్కిందని మార్కో పోలో చెప్పాడు. ఆ బృందంలో తానూ ఉన్నాననే అతను, తన గ్రంథంలో కాకతీయుల రేవు మోటుపల్లిని, న్యాయం తప్పని రాణి పాలననూ వర్ణించాడు. ఆ రాణి రుద్రమదేవేనని చరిత్రకారులు గుర్తించారు.

ఆ వంశగౌరవమే లేకపోతే సామ్రాజ్యం ఇంకా ముందే చెదిరేదని కొందరంటారు. అందులో సగం నిజముంది. ఖాన్ బిరుదు ఆ రక్తానికే చెల్లుతుందన్న నమ్మకం రాజ్యాలు పోయాక కూడా శతాబ్దాలు నిలిచింది. తైమూర్ అంతటివాడు ఖాన్ అనిపించుకోలేదు. చెంఘిజ్ వంశీకుల్ని పేరుకు గద్దెమీద కూర్చోబెట్టి, ఆ వంశపు పిల్లను పెళ్ళాడి, ఆ ఇంటి అల్లుణ్ణని చెప్పుకున్నాడు. తల్లి వైపునుంచి చగతాయి సంతతివాడైన బాబరు మనవల వంశం 1687లో గోల్కొండను పట్టుకునేనాటికీ ఆ అల్లుడి బిరుదునే తన వంశనామంగా వాడుతోంది. 1783 దాకా క్రిమియాను ఏలింది చెంఘిజ్ సంతతే. బుఖారాను 1920 వరకు ఏలిన మంగిత్ రాజులు ఆ రక్తం లేక అమీర్ బిరుదుతో సరిపెట్టుకున్నారు. కాని ఒక పేరు అందరికీ గద్దె ఎక్కే హక్కిస్తే, ఏ ఒక్కరికీ మిగతావాళ్ళను ఆపే హక్కు ఉండదు. పేరు నిలిచింది, రాజ్యం నిలవలేదు.

1925లో మంగోలియా కమ్యూనిస్టు ప్రభుత్వం వంశనామాలను నిషేధించింది. కమ్యూనిజం పోయాక 1990ల్లో వాటిని మళ్ళీ పెట్టుకోమన్నప్పుడు చాలామందికి తమ పాత పేరేమిటో తెలియలేదు. ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకోవచ్చన్నారు. అంతరిక్షంలోకి వెళ్ళివచ్చిన గుర్రాగ్చా విశ్వం అనే అర్థమిచ్చే పేరు ఎంచుకున్నాడు. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఎంచుకున్నది బోర్జిగిన్, చెంఘిజ్ ఖాన్ ఇంటిపేరు.